మొక్క నుంచి వచ్చింది సరే, మిగతా లెక్క ఏది?

మొన్న ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో నానోసెల్యులోజ్ మీద అరపేజీ వ్యాసం చదివాను. మొక్కల పోగుల్లో ఉండే సెల్యులోజ్‌ను అతి సన్నగా విడదీస్తే వచ్చే పదార్థం అది. చెట్టు నుంచి తీస్తారట, బరువుతో పోల్చి చూస్తే ఉక్కును మించిన గట్టిదనమట, వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుందట, ప్లాస్టిక్‌కు ఇక నూకలు చెల్లినట్టేనట. రాసినాయన పేరా పేరాకూ మొక్కను తలచుకున్నాడు. ఎన్ని నీళ్లు పడతాయో, ఎంత కరెంటు కావాలో, వాడిన ఆమ్లం చివరికి ఎటు పోతుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

నాకెందుకింత పట్టింపు అంటే, మాది ఒడిశాలోని రాయగడ. కాగితం ఎలా పుడుతుందో ఈ ఊళ్లో ముక్కుకే తెలుస్తుంది. జామాయిల్, సరుగుడు, సుబాబుల్ దుంగలు వేసుకుని లారీలు వరసగా వెళుతుంటాయి. గాలి ఇటు తిరిగిన పూట గంధకపు వాసన వీధుల్లోకి వస్తుంది. కాగితం కూడా మొక్క నుంచి వచ్చిందే కదా! అంతమాత్రాన అది ఏ పాపమూ ఎరగనిదని కాగితం మిల్లు ఉన్న ఊరివాళ్లెవరూ అనరు.

నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, పెళ్లయ్యాక విస్తళ్లు, కాగితం కప్పులు, అట్టపెట్టెలు అమ్మే దుకాణంలో స్థిరపడ్డదాన్ని. చదివింది కొంత మరిచిపోయినా, అమ్మే సరుకు ఎప్పుడు తడుస్తుందో, ఎప్పుడు చిరుగుతుందో బాగా తెలుసు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నానోసెల్యులోజ్ మంచి పదార్థమే. కానీ దాని మంచితనం మొక్కలో లేదు, తయారుచేసే పద్ధతిలో ఉంది, ఎక్కడ వాడతామన్నదాంట్లో ఉంది. తిని పారేసే ప్లేట్లకూ కప్పులకూ దాన్ని పూయడం తెలివైన వాడకం కాదు. ఎవరూ గొప్పగా చెప్పుకోని ఒక మామూలు పనికి అది బాగా పనికొస్తుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

సీసాలో జెల్లీ

మా తమ్ముడి కొడుకు భువనేశ్వర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. వాళ్ల ప్రయోగశాలలో ఈ పనే జరుగుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఒక చిన్న సీసా పట్టుకొచ్చాడు. లోపల పలచటి తెల్లదనంతో, దాదాపు పారదర్శకంగా ఉన్న జెల్లీ. సీసా తలకిందులు చేస్తే కదలలేదు. గట్టిగా ఊపితే నీళ్లలా జారింది, వదిలేస్తే మళ్లీ బిగుసుకుంది.

“ఇందులో అసలు సరుకు ఎంతరా?” అన్నాను.

“రెండు శాతం అత్తా. మిగతాదంతా నీళ్లే.”

కలప పోగు వెడల్పు 20, 30 మైక్రాన్లు ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్ని విప్పుకుంటూ పోతే లోపల ఇంకా సన్నటి పోగులు, వాటిలో ఇంకా సన్నటివి, చివరికి 3, 4 నానోమీటర్ల వెడల్పున్న దారాలు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అంత సన్నబడ్డ పోగులు ఒకదాన్నొకటి అల్లుకుని తమకు యాభై రెట్లున్న నీటిని కదలనివ్వకుండా పట్టి ఉంచుతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కాదనను.

దుకాణంలో పూత లేని కాగితం ప్లేటు తీసి సగానికి ఆ జెల్లీని చెంచాతో పూశాడు. ఫ్యాను కింద ఆరబెడితే పూత లాగేసి ప్లేటు అంచు పైకి లేచింది. ఆరిన మేర సన్నటి మెరుపు. రెండు వైపులా వేరుశనగ నూనె చుక్కలు వేశాం. పూత లేని వైపు చుక్క పడీ పడగానే కాగితం పారదర్శకంగా మారి వెనక్కి దిగింది. పూసిన వైపు మాత్రం చుక్క పడ్డచోటే గుండ్రంగా నిలబడింది. ప్లేటు తిప్పి వెనక వేలు పెట్టి రాస్తే పొడిగానే ఉంది. మావాడి మొహం వెలిగిపోయింది.

అప్పుడు నేను వంటింట్లోంచి వేడి సాంబారు తెచ్చాను.

కాసేపు నిలబడింది. తర్వాత పూత ఉబ్బి, ఆ మెరుపు కాస్తా పోయి, ప్లేటు మధ్యలో కుంగింది. వాడు నొచ్చుకుని, “ఇది నూనెకు, గాలికి అడ్డు అత్తా, నీటికి కాదు” అన్నాడు. నిజమే, శాస్త్రం చెప్పేదీ అదే. పొడిగా ఉన్నంతసేపు నానోసెల్యులోజ్ పొర ఆక్సిజన్‌ను చాలా ప్లాస్టిక్‌ల కన్నా బాగా ఆపుతుంది. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు పోగుల మధ్య దూరతాయి, పట్టు సడలుతుంది, ఆ గుణం పడిపోతుంది. మా దగ్గర వానాకాలంలో ఉప్పు దానంతటదే చెమ్మగిల్లుతుంది. చలిదేశపు ప్రయోగశాలలో చెప్పుకున్న గుణాలను ఈ కొండల మధ్య శ్రావణమాసంలో మళ్లీ పరీక్షించి చూడాలి.

ఆమ్లం, ఉప్పు, కరెంటు

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. ఈ సన్నటి సరుకును తీయడానికి పాతబడిన దారులు రెండున్నాయి. మొదటిది ఆమ్లం. 1940ల చివర్లో స్వీడన్‌లో బెంగ్ట్ రాన్బీ అనే శాస్త్రవేత్త సెల్యులోజ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాగబెట్టి అతి సన్నటి స్ఫటికాలను విడదీశాడు. ఈనాటికీ ప్రయోగశాలల్లో ఎక్కువగా నడిచేది ఆ వంటకమే. 64 శాతం ఆమ్లం, 45 డిగ్రీల వేడి, గంటలోపు సమయం. కలపను ఉడికించి తీసిన గుజ్జు గ్రాముకు సుమారు 10 మిల్లీలీటర్ల ఆమ్లం. పని ఆపడానికి దాని మీద పదింతల నీళ్లు. అంటే కిలో గుజ్జుకు 10 లీటర్ల ఆమ్లం, 100 లీటర్ల నీళ్లు. ఆ తర్వాత కడగడానికి పోసే నీళ్లు వేరే. ఇంతా చేస్తే చాలాసార్లు చేతికొచ్చేది అరకిలో కూడా ఉండదు. మిగతాది చక్కెరలుగా విరిగి ఆ ఆమ్లపు నీళ్లలో కలుస్తుంది. సున్నంతో ఆ ఆమ్లాన్ని చంపితే జిప్సం గుట్టలు మిగులుతాయి.

ప్రయోగశాలలో ఇది సింకులోకి పోయే ఒక బీకరు. ఫ్యాక్టరీలో ఒక కాలువ. మా పక్కన పారే నాగావళి ఇక్కడితో ఆగదు, తోటపల్లి బ్యారేజీ మీదుగా శ్రీకాకుళం దాకా పోయి సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ ఒక కొత్త పరిశ్రమ పెడతామంటే దిగువన నీళ్లు వాడుకునే వాళ్లందరికీ అందులో మాట ఉండాలి.

రెండో దారి యంత్రం. అమెరికాలో ఐటీటీ రేయనియర్ సంస్థలో టర్బాక్ బృందం గుజ్జును అధిక ఒత్తిడితో సన్నటి సందులోంచి మళ్లీ మళ్లీ తోసి పోగులు విప్పింది. 1983లో ఆ పని ప్రచురించారు. ఆమ్లం లేదు, బాగానే ఉంది. కానీ టన్ను సరుకుకు సుమారు 27,000 యూనిట్ల కరెంటు తాగింది. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది 11 ఏళ్లకు పైగా సరిపోయే కరెంటు. ఆ కరెంటు మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి వస్తే ఒక లెక్క, బొగ్గు నుంచి వస్తే ఇంకో లెక్క. ఒడిశాలో ఎక్కువ భాగం బొగ్గుదే.

ఇక్కడ మావాడు అడ్డం తగిలాడు. తగలాల్సిందే. “1983 దగ్గరే ఆగిపోతే ఎలా అత్తా?” అన్నాడు. వాడు చెప్పింది న్యాయంగా ఉంది కాబట్టి రాస్తున్నాను. 2006 నాటికి టోక్యో విశ్వవిద్యాలయంలో ఇసోగాయ్, సాయిటోల బృందం టెంపో అనే ఉత్ప్రేరకంతో పోగులను ముందే వదులు చేసే పద్ధతి కనిపెట్టింది. దానికి 2015లో, అటవీ రంగ పరిశోధనలకిచ్చే మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది. మరికొందరు ఎంజైములతో గుజ్జును మెత్తబరిచారు. ఇలా ముందే సిద్ధం చేస్తే యంత్రం తాగే కరెంటు టన్నుకు 1,000, 2,000 యూనిట్ల స్థాయికి దిగింది. ఆమ్లం దారిలోనూ మార్పు వచ్చింది. 2016లో అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల వాళ్లు సల్ఫ్యూరిక్ ఆమ్లం బదులు ఆక్సాలిక్, మాలెయిక్ లాంటి సేంద్రియ ఆమ్లాలు వాడి చూపించారు. పని అయ్యాక చల్లారిస్తే ఆ ఆమ్లం గడ్డకట్టి విడిపోతుంది, తీసి మళ్లీ వాడుకోవచ్చు.

ఇవి చిన్న విషయాలు కావు. అయినా నా అనుమానం పూర్తిగా తీరలేదు. టెంపో పద్ధతిలో కరెంటు తగ్గింది కానీ సోడియం హైపోక్లోరైట్, బ్రోమైడ్ లవణం వచ్చి చేరాయి, మిగిలేది ఉప్పు నీరు. ఇంకొకటి, ఈ లెక్కల్లో చాలావరకు తెల్లబరిచిన గుజ్జు దగ్గరే మొదలవుతాయి. ఆ గుజ్జు ఏమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? దుంగను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లలో ఉడికిస్తే బరువులో సగం మాత్రమే గుజ్జుగా మిగులుతుంది. అక్కడి నుంచి లెక్క కట్టి చూపించిన వ్యాసమైతే నేను రెండుసార్లు చదువుతాను.

కాగితం కథే దీనికి మంచి పాఠం. దుంగను అలా ఉడికించి గుజ్జు తీసే క్రాఫ్ట్ పద్ధతి 1879 నాటిది. గుజ్జు పోగా మిగిలే నల్లద్రవాన్ని కాల్చి, దాని నుంచి ఆవిరినీ రసాయనాలనూ తిరిగి రాబట్టే టామ్లిన్సన్ బాయిలర్ వచ్చింది 1930లలో. మధ్యలో యాభై ఏళ్లు! ఆ పరిశ్రమ శుభ్రపడినంత మేర శుభ్రపడింది చెట్టు గొప్పతనం వల్ల కాదు, ఆ బాయిలర్ వల్ల. నానోసెల్యులోజ్ తన బాయిలర్‌ను ఇప్పుడిప్పుడే వెతుక్కుంటోంది. అది దొరికేదాకా ‘హరిత పదార్థం’ అనే బిరుదు ముందస్తుగా ఇవ్వడం ఎందుకు?

నీళ్లకు లారీ కిరాయి

వ్యాపారం చేసేదాన్ని కాబట్టి నాకు తట్టిన మరో సంగతి. సరుకు రెండు శాతం, నీళ్లు 98 శాతం అయినప్పుడు ఒక టన్ను సరుకు పంపాలంటే 50 టన్నుల బరువు లారీకెక్కించాలి. ఆరబెట్టి పొడి చేసి పంపొచ్చు కదా అంటారా? ఆరితే ఆ పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మళ్లీ నీళ్లు పోసినా మునుపటిలా విడిపోవు. విడిపోయేలా ఆరబెట్టే పద్ధతులున్నాయి కానీ వాటికి మళ్లీ ఇంధనం కావాలి, పైగా ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పనివాళ్లను కాపాడుకోవాలి. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము ఏం చేస్తుందో తెలిసిన జిల్లాలో ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

కాబట్టి ఎక్కడ వాడతారో అక్కడే తయారు చేయాలి. ఈ మాట నేను కనిపెట్టింది కాదు. ఫైబర్‌లీన్ అనే సంస్థ కాగితంలో కలిపే ఖనిజపు పొడితో పాటే గుజ్జును నూరి, కాగితం మిల్లు ఆవరణలోనే ఈ సన్నపోగు తయారుచేసే పద్ధతి నడుపుతోంది. గుజ్జు అక్కడిదే, నీళ్లు అక్కడివే, వాడేదీ అక్కడే. లారీ ఊసే లేదు. నాకు నచ్చిన పద్ధతి ఇది.

అడ్డాకు ఉండగా

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద నిషేధం వచ్చాక మా దుకాణానికి ‘మొక్కల పూత’ ప్లేట్లంటూ ఏజెంట్లు రావడం ఎక్కువైంది. అలా వచ్చిన ఒకబ్బాయిని పూత ఏమిటని అడిగితే “నూరు శాతం ప్రకృతి మేడమ్” అన్నాడు. ఏ మొక్క, ఎంత మందం, నీళ్లకు ఆగడానికి లోపల ఇంకేం కలిపారు అని అడిగితే కంపెనీకి ఫోను చేశాడు. కంపెనీ ఎత్తలేదు. పాపం, కుర్రవాడి తప్పేముంది.

మా దుకాణంలో వాటి పక్కనే అడ్డాకు విస్తళ్ల కట్టలుంటాయి. కొండల మీది కోదు గిరిజన ఆడవాళ్లు అడవిలో అడ్డతీగ ఆకు కోసి, ఎండబెట్టి, వెదురు పుల్లలతో కుట్టి సంతకు తెస్తారు. ఆకు మీద వేడి సాంబారు పోసినా ఏమీ కాదు. దానికి ఏ పూతా అక్కర్లేదు. తిన్నాక పశువులు తింటాయి, లేకపోతే పెంటకుప్పలో కలిసిపోతుంది. ఈ ఆకు ఉండగా, దుంగ నరికి, ఉడికించి, తెల్లబరిచి, నానో స్థాయికి నలగ్గొట్టి, మళ్లీ ప్లేటు మీద పూసి, దాన్నే పర్యావరణానికి మేలంటే నాకు మింగుడుపడదు.

అలాగని ఆకును ఆకాశానికెత్తను. వానల్లో కట్ట మొత్తం బూజు పడుతుంది. క్యాటరింగ్ వాళ్లు అన్నీ ఒకే కొలతలో కావాలంటారు. ఆకులో టీ పోయలేం. కప్పు సంగతి నిజంగా కష్టమే. కాగితం కప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు అందులో పావుగంట ఉంటే 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు విడుదలవుతాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు తేల్చారు. ఆ పొర స్థానంలో నానోసెల్యులోజ్ వస్తే సంతోషించే వాళ్లలో నేను ముందుంటాను. కానీ వేడినీళ్లే దాని బలహీనత. నీటికి ఆగేలా చేయాలంటే పైన ఇంకో పొర వేయాలి, లేదా రసాయనికంగా మార్చాలి. అలా మార్చాక అది మట్టిలో మునుపటంత సులువుగా కలుస్తుందా అన్నది మళ్లీ పరీక్షించాల్సిన ప్రశ్న. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో కొద్దిగా నానోసెల్యులోజ్ కలిపితే అది గట్టిపడుతుంది, తేలికవుతుంది. కారు భాగాలకు అది మంచిదే, జపాన్‌లో 2019లో అలాంటి నమూనా కారు కూడా చూపించారు. కానీ అది ప్లాస్టికే, మట్టిలో కలవదు.

వ్యర్థం ఎవరికి వ్యర్థం

చెట్టు నరకడం దేనికి, పంట వ్యర్థాల నుంచే తీయవచ్చు కదా అనేది ఇంకో వాదన. పత్తికట్టె, గడ్డి, చెరకు పిప్పి, అరటి బోదె. శాస్త్రపరంగా తిరుగులేదు. ముంబయిలోని పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ సిర్కాట్ 2015లోనే రోజుకు 10 కిలోలు తీసే పైలట్ ప్లాంటు పెట్టింది. మా జిల్లాలో పత్తి బాగా పండుతుంది. ఎకరాకు దాదాపు టన్ను కట్టె మిగులుతుంది. గులాబీ రంగు పురుగు మరుసటి ఏటికి దాక్కోకుండా దాన్ని పొలంలోంచి తీసేయమని వ్యవసాయాధికారులు చెబుతూనే ఉంటారు.

మునిగుడ దారిలో మాకు తెలిసినవాళ్ల పొలం ఉంది. ఈ ఆలోచనతోనే ఆ ఇంటావిడను, “కట్టెకు ధర కట్టి కొంటామంటే ఇస్తావా వదినా?” అని అడిగాను. ఆవిడ నవ్వి, ఇంటి వెనక గోడకు చేరవేసిన కట్టెల మోపులు చూపించింది. “ఇస్తాను. గ్యాసు బండ నువ్వు కొనిపెట్టు” అంది. పొలంలో కాల్చేసే వాళ్లూ ఉన్నారు, పొయ్యిలో పెట్టుకునే వాళ్లూ ఉన్నారు. నివేదికల్లో ఇద్దరి కట్టెనూ ‘వ్యర్థం’ కిందే రాసేస్తారు. ధర వస్తే ఇచ్చేవాళ్లుంటారు, కానీ ఆ ధర వంటగ్యాసు కన్నా మెరుగ్గా ఉండాలి.

వెదురు సంగతీ అంతే. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా గ్రామం తన అడవిలోని వెదురును తానే అమ్ముకునే రవాణా పాసులు చేతికందుకున్నది 2011లో. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టింది, అందుకే కోయాలన్నా తరలించాలన్నా అనుమతి కావాల్సి వచ్చేది. అటవీ భూమికి బయట పెంచిన వెదురుకు ఆ బంధనం తీరింది 2017లో. ముడిసరుకు ఎంత పునరుత్పాదకమైనా దాన్ని కోసినవాళ్ల చేతికి ఏం వస్తుందో చెప్పని పథకాన్ని నేను ముందుగా నమ్మను.

అట్టపెట్టె

మరి ఎక్కడ వాడాలి? నా జవాబు, పాత కాగితంతో చేసే అట్టపెట్టెలో.

మాకు సరుకు వచ్చే పెట్టెల్లో చాలావరకు పాత కాగితం నుంచి చేసినవే. ఒకసారి నాని, గుజ్జై, ఆరి, మళ్లీ కాగితమైన ప్రతిసారీ పోగు పొట్టిదవుతుంది, బిరుసెక్కుతుంది, పక్కదాన్ని పట్టుకునే గుణం కోల్పోతుంది. అందుకే నాలుగు వరసలు పేరిస్తే అడుగుపెట్టె మూలలు నలుగుతాయి, వానాకాలమైతే రెండు వరసలకే కుంగుతుంది. ఆ బలహీనతను పూడ్చడానికి మిల్లులు కొత్త కలప గుజ్జు కలుపుతాయి, లేదా అట్ట మందం పెంచుతాయి. సరిగ్గా ఇక్కడే నానోపోగుకు పని ఉంది. నూటికి రెండు మూడు పాళ్లు కలిపితే పొట్టి పోగుల మధ్య ఖాళీల్లో చేరి వాటిని ఒకదానికొకటి కట్టేస్తుంది. కొత్త కలప తగ్గించుకోవచ్చు, లేదా అదే బలానికి పలచటి అట్ట చాలు. పెట్టె పాతబడితే మళ్లీ గుజ్జులోకే పోతుంది. ప్లాస్టిక్ కలవలేదు కాబట్టి తిరిగి వాడడానికి అడ్డంకి లేదు. దీనికి మెరిసే తెల్లగుజ్జు అక్కర్లేదు, నానోమీటర్ల దాకా నలగ్గొట్టాల్సిన పని కూడా లేదు. కాస్త ముతకగా ఉన్నా సరిపోతుంది, అంటే కరెంటూ తగ్గుతుంది.

ఒక చిక్కుంది. నీటిని అంత గట్టిగా పట్టుకునే సరుకు కలిపితే కాగితం యంత్రం జల్లెడ మీద నీరు ఆలస్యంగా దిగుతుంది. యంత్రం వేగం తగ్గించాలి, లేదా ఆరబెట్టడానికి ఎక్కువ ఆవిరి పెట్టాలి. కలపలో మిగిల్చింది ఆవిరిలో పోతే ప్రయోజనమేముంది? పాళ్లు కుదుర్చుకోవడం, నీరు త్వరగా దిగడానికి తోడు పదార్థాలు కలపడం లాంటి ఉపాయాలున్నాయి. ఏ మిల్లుకు ఏది కుదురుతుందో ఆ మిల్లు యంత్రం మీదే తేలాలి.

ఇదంతా విని మావాడు కొంచెం నిరుత్సాహపడ్డాడు. అట్టపెట్టెల మీద పరిశోధన అంటే స్నేహితులు నవ్వుతారేమో అన్నాడు. నవ్వనీ అన్నాను. కాలేజీకి తిరిగి వెళ్లాక ఫోను చేసి, వాళ్ల గైడు ఒప్పుకున్నారని, పాత పెట్టెలు కావాలని అడిగాడు. దుకాణం వెనక పడి ఉన్నవి, తడిసినవీ తడవనివీ వేరువేరుగా మూటలు కట్టి భువనేశ్వర్ రైలుకు వేశాను. అట్ట ఎంత బరువు మోసిందో ఎలాగూ రాస్తాడు. నీరు దిగడానికి ఎంతసేపు పట్టిందో, మీటరు మీద ఎన్ని యూనిట్లు తిరిగాయో కూడా అదే పట్టికలో రాయమని చెప్పాను.